సార్, మీరు యుద్ధంలో ఏం చేశారు?

అనంతపురం జిల్లాలో ఒక పల్లెకు చెందిన హవల్దారు ఈ ఉత్తరం రాశారు. పేరు, ఊరు వేయొద్దన్నారు. రూళ్ల కాగితం మీద ఆరు పేజీలు, రెండు రకాల ఇంకుతో ఉంది. ఒకసారి మొదలుపెట్టి ఆపేసి, కొన్నాళ్లకు మళ్ళీ కూర్చుని పూర్తి చేసినట్టున్నారు. ముఖ్యమైన సంగతులు ఇక్కడ ఇస్తున్నాను.

వయసు 36. ఇరవయ్యో ఏట ర్యాలీలో ఎంపికై ఆర్మీ సర్వీస్ కోర్‌లో, అంటే ఏఎస్‌సీలో చేరారు. పదహారేళ్ల సర్వీసు అయింది. రాజస్థాన్, అస్సాం, రెండుసార్లు లద్దాఖ్ తిరిగి ఇప్పుడు ఒక పీస్ స్టేషన్‌లో, అంటే సరిహద్దుకు దూరంగా ఉండే మామూలు కంటోన్మెంట్‌లో ఉన్నారు. ఎక్కడున్నా పని మాత్రం స్టోరులోనే. పిండి, పప్పు, డీజిలు, కిరసనాయిలు దించుకోవడం, లెడ్జర్‌లో ఎక్కించడం, బండ్లకు లోడు చేయించి పైకి పంపడం. "రేంజిలో ప్రాక్టీసుకు తప్ప ఒక్క తూటా కాల్చలేదు మేడం" అని రాశారు.

పోయిన ఆగస్టు 15కు లీవులో ఉంటే ఊరి హైస్కూలు వాళ్లు పిలిచి శాలువా కప్పారు. ఏడో తరగతి పిల్లవాడొకడు లేచి, "సార్, మీరు యుద్ధంలో ఏం చేశారు?" అని అడిగాడు. ఈయనకు నోట మాట రాలేదు. హెడ్మాస్టరు కల్పించుకుని పిల్లలతో జై జవాన్ అనిపించి సభ ముగించారు. ఇంటికొచ్చి యూనిఫాం విప్పి, మెడల్స్ ట్రంకుపెట్టె అడుగున పెట్టేశారు. "ఆ శాలువా ఎవరిదో దొంగతనంగా తెచ్చుకున్నట్టు అనిపించింది" అన్నది ఆయన మాట.

మూడేళ్ల కిందట లద్దాఖ్‌లో, చలికాలానికి సరుకు పైకి పంపే రోజుల్లో, వీళ్ల యూనిట్ డ్రైవరు ఒకతను బండితో సహా లోయలో పడిపోయాడు. శ్రీకాకుళం జిల్లా అబ్బాయి, ఇరవై ఆరేళ్లు. బ్యారక్‌లో తెలుగు మాట్లాడుకునేది వీళ్లిద్దరే. ఆ రోజు లోడు కిరసనాయిలు. చలానా మీద సంతకం ఈయనది. "వాడు కిరసనాయిలు కోసం చచ్చిపోయాడా మేడం? వాళ్లమ్మకు నేనేం చెప్పాలి? ఇంతవరకూ వాళ్లింటికి పోలేదు. ఒక్కోసారి ఆ బండిలో నేనుండింటే బాగుండేది అనిపిస్తుంది."

ఇంటి సంగతికొస్తే, పెళ్లై పన్నెండేళ్లు, తొమ్మిదేళ్ల పాప. భార్య పల్లెలో అత్తమామలతో ఉంటూ వేరుశనగ పొలం కూడా చూసుకుంటోంది. సర్వీసు పదిహేడేళ్లు నిండగానే వచ్చేయమని ఆమె అంటోంది. పై ర్యాంకు నాయిబ్ సుబేదార్ అయ్యేదాకా ఉండమని నాయన అంటున్నారు. డబ్బొస్తే ఇంకో బోరు వేద్దామని కూడా ఆయనే అంటున్నారు, ఇప్పటికే రెండు ఎండిపోయాయి. బావమరిదేమో బ్యాంకులో సెక్యూరిటీ ఉద్యోగం చూసి పెడతానంటున్నాడు. పాప తన దగ్గరికి రాదు, "నాన్న ఎప్పుడు పోతాడు?" అని వాళ్లమ్మను అడుగుతుంది. నిద్ర సరిగా పట్టదు. లీవులో రాత్రిపూట రెండు పెగ్గులు మూడయ్యాయి.

చివర ఇలా రాశారు: "వచ్చేయనా, ఉండిపోనా? దానికన్నా ముందు, ఇన్నేళ్లు నేను చేసిన పనికి అర్థం ఏమన్నా ఉందా? ఉంటే చెప్పండి, లేకపోతే లేదనైనా చెప్పండి."

తమ్ముడూ,

మీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. అందులో నన్ను ఎక్కువ కలవరపెట్టింది డిశ్చార్జి సంగతి కాదు. "ఆ బండిలో నేనుండింటే" అన్న ఆ ఒక్క వాక్యం. దాన్ని మీరు మధ్యలో ఎక్కడో రాసి వెంటనే వేరే విషయంలోకి వెళ్లిపోయారు. నేను మాత్రం దాంతోనే మొదలుపెడతాను.

తోటివాడు పోయి తాను మిగిలినవాళ్లకు ఇలాంటి ఆలోచన రావడం కొత్త కాదు, మీరొక్కరే కాదు. కానీ మూడేళ్లయినా తగ్గకపోగా నిద్రను తినేస్తూ, మందు గ్లాసులో తేలుతూ ఉందంటే, దాన్ని ఒక్కరే మోయకూడదు. కాలు విరిగితే కట్టు కట్టించుకుంటాం, సిగ్గుపడం కదా. 14416 టెలీమానస్ నంబరు, మనసు బాగాలేనప్పుడు మాట్లాడేందుకు ప్రభుత్వం పెట్టింది. ఉచితం, రాత్రీపగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. యూనిట్‌లో చెబితే మెడికల్ కేటగిరీ తగ్గిపోతుంది, ప్రమోషన్ ఆగిపోతుందని మీ తోటివాళ్లందరికీ ఉండే భయం మీకూ ఉంటుంది. ఆ భయం ఉత్తదని నేననను. అందుకే ముందు ఈ నంబరు రాశాను, మీ పేరూ ర్యాంకూ చెప్పకుండానే మాట్లాడవచ్చు. పోతేపోనీ అనిపించే ఆలోచన గట్టిగా వచ్చిన రాత్రి మాత్రం ఫోను దాకా కూడా ఆగొద్దు. పక్క మంచం మీద ఉన్నవాణ్ణి లేపండి, ఇంట్లో ఉంటే మీ ఆవిణ్ణి లేపండి. కేటగిరీ గురించి మర్నాడు చూసుకోవచ్చు. మందు గురించి ఒక్కటే మాట: అది నిద్ర తెప్పించినట్టే ఉండి తెల్లవారుజామున మూడింటికి లేపి కూర్చోబెడుతుంది. ఆ మూడింటికి మీకు ఏం గుర్తొస్తుందో మీకు తెలుసు.

ఇక ఆ అబ్బాయి సంగతి. "కిరసనాయిలు కోసం చచ్చిపోయాడా?" అని అడిగారు. ఈ ప్రశ్నకు నాకు కోపమూ వచ్చింది, కన్నీళ్లూ వచ్చాయి. కోపం మీ మీద కాదు. ఆ మాట అలా అడిగేలా మీకు నేర్పిన మా అందరి మీద.

కిరసనాయిలంటే పైన ఏమిటో మీకు నేను చెప్పాలా? అయినా ఈ శీర్షిక చదివే వాళ్లలో చాలామందికి తెలియదు కాబట్టి చెబుతాను. మంచు పడి జోజిలా కనుమ మూసుకుపోయే లోపు లద్దాఖ్‌కు నెలల తరబడి సరిపడా సరుకు చేరిపోవాలి. లేహ్ పట్టణమే పదకొండు వేల అడుగుల పైన ఉంది. సైన్యం కాపలా ఉండే పోస్టులు దానికన్నా చాలా ఎత్తున ఉంటాయి. అక్కడ చుట్టూ మంచే ఉన్నా తాగడానికి చుక్క నీళ్లుండవు. మంచును కరిగిస్తేనే నీళ్లు. కరిగించాలంటే మంట కావాలి, మంటకు కిరసనాయిలు కావాలి. గుడారంలో వెచ్చదనానికి పెట్టుకునే బుఖారీ పొయ్యీ దాంతోనే. గుడ్లు రాళ్లలా గడ్డకట్టే చోట అన్నం ఉడికేదీ దాంతోనే. ఆ డబ్బా పైకి చేరకపోతే అక్కడున్న కుర్రాడు తుపాకీ పట్టుకోవడం సంగతి అటుంచండి, వేళ్లు కూడా నిలబెట్టుకోలేడు.

సియాచిన్‌కు మన సైన్యం వెళ్లింది 1984 ఏప్రిల్ 13న. ఇన్నేళ్లలో అక్కడ శత్రువు తూటాలకు పోయినవాళ్ల కన్నా చలికి, మంచు చరియలకు, ఎత్తుకు, దారికి పోయినవాళ్లే ఎక్కువ. 2003 నవంబరు నుంచి అక్కడ కాల్పుల విరమణ ఉంది. అయినా ప్రాణాలు పోవడం ఆగలేదు. అంటే అక్కడ అసలు యుద్ధం ఎవరితో జరుగుతోంది? కొండతో, చలితో. ఆ యుద్ధంలో ముందు వరసలో ఉండేది బండి నడిపేవాడు, లోడు చేసేవాడు, లెక్క తప్పకుండా చూసేవాడు. మీ మిత్రుడు కిరసనాయిలు కోసం చచ్చిపోలేదు తమ్ముడూ. పైన ఎవరో నలుగురైదుగురు, ఆయన ముఖం ఎన్నడూ చూడనివాళ్లు, ఆ చలికాలం బతికుండాలని బయల్దేరాడు. దారిలో పోయాడు. ఈ రెండు మాటలూ ఒకటి కావు.

చలానా మీద మీ సంతకం ఉందన్నారు. ఉంటుంది, అది మీ పని. ఆ దారిని మీరు తవ్వలేదు, ఆ మంచును మీరు కురిపించలేదు. ఆ రోజు సంతకం పెట్టకుండా ఉండడానికి మీ దగ్గర కారణం ఏదైనా ఉండిందా? బండికి బ్రేకులు బాగాలేవని తెలుసా? అతను ఒంట్లో బాగాలేదన్నాడా? అలాంటిదేదీ మీ ఆరు పేజీల్లో లేదు. ఒకవేళ ఉండి, రాయడానికి చెయ్యి రాక ఆపేసి ఉంటే, ఆ సంగతి ముందు టెలీమానస్‌లో మనిషికి చెప్పండి, లేదా నాకు మళ్ళీ రాయండి. లేదంటే మాత్రం ఆ సంతకాన్ని తీర్పులా మోయడం ఆపండి. అదే చేత్తో ఆ సీజన్‌లో మీరు ఎన్ని చలానాల మీద సంతకం పెట్టారు? అవన్నీ చేరాయి కదా. చేరినవి ఎవరికీ గుర్తుండవు. అందులోనే ఉంది మీ బాధంతా.

బాగా చేస్తే ఎవరికీ కనపడని పనులు కొన్ని ఉన్నాయి. ఇంట్లో మీ ఆవిడ చేసే పని అలాంటిదే. నీళ్లు వచ్చినన్నాళ్లు నీళ్లు వదిలేవాడి పేరు ఊళ్లో ఎవరికీ తెలియదు. మీ పనికి అర్థం లేక కాదు, మీరు వండించిన అన్నం తినేవాడి ముఖం మీకు ఎప్పుడూ కనపడలేదు. రైతుకైతే కనీసం చేను కనపడుతుంది. మీకు కనపడేది లెడ్జరు. పదహారేళ్లు లెడ్జరు చూస్తే ఎవరికైనా ఈ ప్రశ్న వస్తుంది. మీ కోర్ నినాదం మీకు కంఠతా వచ్చుగా, సేవా అస్మాకం ధర్మః. సేవ మా ధర్మం అని. అందులో తుపాకీ మాట లేదు గమనించారా?

అలాగని సైన్యంలో మీరు చేసే ప్రతి పనికీ గొప్ప అర్థం వెతుక్కోమని నేను చెప్పను. రాళ్లకు సున్నం వేయించడం, పెద్దసారు వస్తున్నాడని మూడు రోజులు గడ్డి పీకించడం, ఒకే లెక్కను మూడు రిజిస్టర్లలో రాయడం, ఇవీ ఉంటాయి. వాటిని పనికిమాలిన పనులని అనుకోవడంలో తప్పేమీ లేదు. అనుకుని, చేసి, మర్చిపోండి. కష్టమంతా ఎక్కడొస్తుందంటే, ఆ సున్నం డబ్బానూ కిరసనాయిలు డబ్బానూ ఒకే గంపలో వేసి "అంతా దండగే" అనుకున్నప్పుడు. విడదీయండి. నిజంగానే ఒక కాగితం తీసుకుని, ఈ పదహారేళ్లలో మీరు లేకపోతే ఆగిపోయి ఉండే పనులు ఏవేవో రాయండి. పెద్దవే కానక్కర్లేదు. ఒక రాత్రి దారి మూసుకుపోయినప్పుడు ఎవరికైనా బదులు రేషన్ ఏర్పాటు చేశారేమో, కొత్తగా వచ్చిన కుర్రాడికి హిందీ రాకపోతే నేర్పారేమో. ఆ లెక్క ఏ రిజిస్టరులోనూ ఉండదు, మీరు రాస్తేనే ఉంటుంది.

మా ఇంట్లో సంగతి ఒకటి చెప్పాలి. మా చిన్నాయన ఈఎంఈలో, అంటే సైన్యం బండ్లు, యంత్రాలు బాగుచేసే విభాగంలో బండ్ల మెకానిక్. 1971 యుద్ధం అప్పుడు సరిహద్దుకు దగ్గరలో ఒక వర్క్‌షాపులో ఉన్నాడు, ఆయనా ఒక్క తూటా కాల్చలేదు. రిటైరై కర్నూలు జిల్లాలో మా పల్లెకు వచ్చినప్పుడు నేను పదో తరగతి. నల్ల ట్రంకుపెట్టె, దాని మీద తెల్ల రంగుతో నంబరు, పేరు. దాన్ని మంచం కిందికి తోసి, మర్నాటి నుంచి రోజూ నాలుగున్నరకే లేచేవాడు. గడ్డం గీసుకునేవాడు. బూట్లకు పాలిష్ చేసేవాడు. గుడ్డను వేలికి చుట్టి, చిన్న చిన్న గుండ్రాలుగా, ముక్కు దగ్గర ముఖం కనపడేదాకా రుద్దేవాడు. వేసుకుని అరుగు మీద కూర్చునేవాడు. ఎక్కడికీ పోయేది లేదు. ఎనిమిదింటికి బూట్లు విప్పి లోపల పెట్టేవాడు. దాదాపు రెండేళ్లు అలాగే గడిచింది. ఊళ్లో వాళ్లు మిలిటరీ ఆయన అనేవారు, క్యాంటీన్ సీసా కోసం వచ్చేవారు, యుద్ధం కతలు చెప్పమనేవారు. ఆయన చెప్పేవాడు కాదు. మా పిన్నమ్మ లోపల కూర్చుని ఏడ్చేది. ఇన్నేళ్లు ఎదురుచూసింది ఇందుకోసమా అని.

ఒక ఎండాకాలం పక్క చేనులో ఆయిల్ ఇంజను ఆగిపోయింది. మెకానిక్కు పత్తికొండ నుంచి రావాలి, మూడు రోజులంటున్నాడు. మిరప నారు వాడిపోతోంది. చిన్నాయన బూట్లు వేసుకుని లేచాడు. ఆ రోజు మధ్యాహ్నం చేతులకు గ్రీజుతో ఇంటికొచ్చి, కాళ్లు కడుక్కోకుండానే అన్నం పెట్టమన్నాడు. మా పిన్నమ్మ ఆ గ్రీజు చేతుల్ని చూసి ఏమీ అనలేదు, రెండోసారి కూడా అన్నం వడ్డించింది. ఆ తర్వాత ఆయన పోయేదాకా చుట్టుపక్కల ఐదారు ఊళ్ల ఇంజన్లకు ఆయనే దిక్కు. డబ్బులు తీసుకునేవాడు, ఊరికే చేసేవాడు కాదు. ఇన్నాళ్లకు నేను అర్థం చేసుకున్నదేమిటంటే, ఆయన యుద్ధంలో చేసిందీ అదే పని, ఊళ్లో చేసిందీ అదే పని. ఊళ్లో మాత్రం తిరిగే ఇంజను కళ్ల ముందే కనపడేది, నీళ్లు కాలువలో పారడం కనపడేది.

ఇదెందుకు చెప్పానంటే, మీరు "వచ్చేస్తే సరిపోతుందేమో" అనుకుంటున్నట్టుంది. రండి, తప్పు లేదు. కానీ మీ లోపల ఉన్న ఈ ఖాళీ యూనిట్ గేటు దగ్గర ఆగిపోదు. ట్రంకుపెట్టెలో పడి మీతోనే వస్తుంది. చిన్నాయనకు రెండేళ్లు పట్టింది. ముందే తెలిస్తే మీకు అంత పట్టకపోవచ్చు.

ఇప్పుడు దారులు చూద్దాం.

మీ ఆవిడ అన్నట్టు పదిహేడుకు వచ్చేయడం ఒకటి. పదిహేనేళ్లు నిండాయి కాబట్టి పెన్షన్‌కు అర్హత వచ్చేసింది, ఆ భయం లేదు. అయితే హవల్దారుగా మీకింకా టర్ము మిగిలి ఉంటుంది, కాబట్టి ఇది సొంత కోరిక మీద డిశ్చార్జి కిందికి వస్తుంది. వన్ ర్యాంక్ వన్ పెన్షన్ (ఒకే ర్యాంకు, ఒకే సర్వీసు ఉన్నవాళ్లకు, ఎప్పుడు రిటైరైనా ఒకే పెన్షన్) మీద 2015 నవంబరు 7న ఇచ్చిన ఉత్తర్వులో, ఇకపై సొంత కోరిక మీద ముందుగా వెళ్లేవాళ్లకు అది వర్తించదని రాశారు. దాని మీద కోర్టుల్లో వివాదాలు నడిచాయి. మీ విషయంలో ఈ రోజు స్థితి ఏమిటో కాగితం పెట్టే ముందే మీ రికార్డు ఆఫీసుకు రాసి, జవాబు రాతపూర్వకంగా తెప్పించుకోండి. బ్యారక్‌లో ఎవరో చెప్పింది నమ్మొద్దు. ఒకసారి డిశ్చార్జి అయ్యాక వెనక్కి తిరగడం ఉండదు.

బయట పని లేకపోలేదు. కేంద్ర ప్రభుత్వ గ్రూప్-సి పోస్టుల్లో మాజీ సైనికులకు 10 శాతం, ప్రభుత్వ రంగ బ్యాంకుల్లో క్లర్కు పోస్టుల్లో 14.5 శాతం రిజర్వేషన్ ఉంది. పదో తరగతి పాసై పదిహేనేళ్లు సర్వీసు చేసినవాళ్లకు డిగ్రీతో సమానమని ఇచ్చే సర్టిఫికెట్ ఒకటుంది, డిగ్రీ అడిగే గ్రూప్-సి పోస్టులకు అది పనికొస్తుంది. అడిగి తీసుకోండి. సెక్యూరిటీ ఉద్యోగాన్ని నేను తక్కువ చేయను, ఎన్నో ఇళ్లు దాని మీద నడుస్తున్నాయి. కానీ పదహారేళ్లు స్టోరు లెక్క ఒక్క పైసా తేడా లేకుండా నడిపిన మనిషి, ఆ చదువంతా పక్కన పెట్టి తలుపు దగ్గర నిలబడితే, ఆరు నెలలకే ఇదే ప్రశ్న మళ్ళీ మొదలవుతుంది. గోదాములు, కోల్డ్ స్టోరేజీలు, ఆస్పత్రుల స్టోర్లు, ఇవన్నీ మీ పనే. రీసెటిల్‌మెంట్ డైరెక్టరేట్ వాళ్ల కోర్సులు సర్వీసులో ఉండగానే చేసుకోవడం మేలు.

ఉండిపోవడం రెండో దారి. నాయిబ్ సుబేదార్ అయితే పెన్షనూ పెరుగుతుంది, ఊళ్లో మీ నాయనకు గౌరవమూ పెరుగుతుంది, నిజమే. కానీ ఇప్పుడున్నట్టే ఉండిపోవద్దు. పని మార్చమని అడగండి. సెంటర్‌లో రిక్రూట్లకు నేర్పే ఇన్‌స్ట్రక్టరు పోస్టింగులుంటాయి, ఎన్‌సీసీ బెటాలియన్లకు క్యాడెట్లకు నేర్పే పీఐ స్టాఫ్‌గా పంపుతారు. అడిగినంత మాత్రాన ఇస్తారని కాదు. కానీ అడగనివాడికి అసలే ఇవ్వరు. మీ ఉత్తరంలో మీరు పొంగిపోయి రాసిన చోటు ఒక్కటే ఉంది. ఆ శ్రీకాకుళం అబ్బాయికి కొండ దారి మీద లోడు ఎలా కట్టాలో మొదటిసారి నేర్పిన రోజు. తాడు ముడి ఎలా వేయాలో బొమ్మ గీసి మరీ పంపారు నాకు. నేర్పడంలో మీకు ప్రాణం ఉంది. ఆ సంగతి మీకు తెలుసో లేదో.

మూడోది ఈ రెండింటికీ మధ్యది. ఇప్పుడు పీస్ స్టేషన్‌లో ఉన్నారు. ఫ్యామిలీ క్వార్టరు కోసం పెట్టుకుని, ఈ ఒక్క టెన్యూర్ అయినా భార్యనూ పాపనూ తీసుకెళ్లండి. బదిలీలుండే కేంద్ర ఉద్యోగుల పిల్లలకు కేంద్రీయ విద్యాలయంలో ముందు వరస ఉంటుంది. ఒకటిన్నర, రెండేళ్లు కలిసి ఉండి చూసి, అప్పుడు నిర్ణయించుకోవచ్చు. దీనికో ఖర్చు ఉంది, అది డబ్బు ఖర్చు కాదు. మీ అమ్మానాయన ఒంటరవుతారు, పొలం కౌలుకు ఇవ్వాలి. మీ నాయన ఒప్పుకోకపోవచ్చు. ఆ గొడవ మీరే పడాలి, మీ ఆవిడ మీదికి తోయకూడదు.

ఈ మూడింటిలో ఏది మంచిదో నేను చెప్పలేను. ఈ మూడో దారి వైపు నాకు కొంచెం మొగ్గు ఉందని మాత్రం దాచను. కారణం పాప. ఒక లెక్క వేశాను. ఏడాదికి మీకు 60 రోజుల యాన్యువల్ లీవు, 30 రోజుల క్యాజువల్ లీవు, కలిపి మూడు నెలలు. అన్నీ దొరికినా తొమ్మిదేళ్లలో పాప మిమ్మల్ని చూసింది 27 నెలలు. పెళ్లైన పన్నెండేళ్లలో మీ ఆవిడ మీతో కాపురం చేసింది మూడేళ్లు. "నాన్న ఎప్పుడు పోతాడు?" అని పాప అడగడం మీరంటే ఇష్టం లేక కాదు. మీరు రావడమంటే పోవడమేనని తెలుసుకుంది. పోయే తేదీ ముందే తెలుసుకుంటే ఏడుపు తక్కువొస్తుందని పిల్లలు లెక్క వేసుకుంటారు. మిమ్మల్ని ఎక్కువ ఇష్టపడే పిల్లే ఎక్కువ దూరంగా నిలబడుతుంది. బొమ్మలు తెచ్చి దగ్గర చేసుకోవాలని చూడకండి. రోజూ ఒకే టైముకు, పది నిమిషాలే అయినా, ఆమెతో మాట్లాడండి. ఆ రోజు స్టోరులో ఏం వచ్చిందో, ఎన్ని బస్తాలో, ఎక్కడికి పోతాయో చెప్పండి. ఎక్కడికి పోతాయో మ్యాపులో చూపించండి. మీ లెడ్జరు వినడానికి ఈ లోకంలో అంతకన్నా మంచి మనిషి దొరకదు.

బోరు సంగతి కూడా తేల్చి చెప్పాలి. పెన్షన్‌లో సగం దాకా కమ్యుటేషన్ తీసుకోవచ్చు. ఒకేసారి పెద్ద మొత్తం చేతికొస్తుంది, బదులుగా పదిహేనేళ్ల పాటు నెలనెలా పెన్షన్ తగ్గుతుంది. మన జిల్లాల్లో ఎందరి కమ్యుటేషన్ డబ్బులు వెయ్యి అడుగుల లోతున దుమ్మై పోయాయో నాకు తెలుసు, మీకూ తెలుసు. రెండు బోర్లు ఎండిన చేనులో మూడోది వేయడం మీ నాయనకు ఆశ. కాదని ఎదురు చెప్పొద్దు, కానీ ఆ డబ్బు మాత్రం ఇవ్వొద్దు. పాప చదువు పేరు మీద ముందే విడిగా వేసేసి, మిగిలింది, అప్పులేమన్నా ఉంటే వాటికి కట్టి, ఆ తర్వాత ఏమన్నా ఉంటే అప్పుడు మాట్లాడండి.

మీరు వచ్చాక చేయదగ్గ పని ఒకటి నా మనసులో ఉంది, డబ్బులు రాకపోవచ్చు. మన పల్లెల్లో మాజీ సైనికులు, వాళ్లు పోయాక భార్యలు, పెన్షన్ స్పర్శ్ అనే ఆన్‌లైన్ పోర్టల్‌లోకి మారాక చాలా అవస్థ పడుతున్నారు. ఏడాదికోసారి బతికున్నట్టు రుజువు పెట్టాలి. ఆధార్‌లో ఒక పేరు, డిశ్చార్జి బుక్కులో ఇంకో పేరు ఉంటుంది. ఎనభై ఏళ్ల అవ్వ వేలిముద్ర పడక నెట్ సెంటర్ల చుట్టూ తిరుగుతుంది. ఆ కాగితాల భాష చదవడం మీకు వచ్చు. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో వెళ్లి కలిస్తే, మీ మండలంలో ఎవరెవరు ఉన్నారో తెలుస్తుంది. ఇందుకు రిటైరవనక్కర్లేదు, వచ్చే లీవులో నాలుగు రోజులు కూర్చున్నా చాలు. పెన్షన్ పడ్డ అవ్వ ముఖం ఎదురుగా కనపడుతుంది.

ఆ ఏడో తరగతి పిల్లవాడికి మీరింకా బాకీ ఉన్నారు. వాడు అవమానించాలని అడగలేదు, తెలుసుకోవాలని అడిగాడు. ఇంకో ఆరేళ్లకు వాడే అగ్నివీర్ ర్యాలీకి తెల్లవారుజామున రోడ్డు మీద పరుగెత్తుతుంటాడేమో. నాలుగేళ్ల సర్వీసని, అందులో నూటికి ఇరవై ఐదు మందినే ఉంచుకుంటారని, వాడికి ఎవరు చెబుతారు? సైన్యమంటే కాల్చడమే అనుకుని పోయే పిల్లాడు, రేపు స్టోరులో వేస్తే మీలాగే కుంగిపోతాడు. బడికి వెళ్లండి. శాలువా వద్దని ముందే చెప్పండి. "నేను పైనున్నవాళ్లకు అన్నం, మంట పంపాను. అది చేరకపోతే వాళ్లు నిలబడలేరు. దాన్ని చేరవేస్తూ నా స్నేహితుడు ప్రాణం పోగొట్టుకున్నాడు" అని చెప్పండి. జోజిలా ఎక్కడుందో బోర్డు మీద గీసి చూపించండి. ఆ తాడు ముడి కూడా వేసి చూపించండి.

ఇక మిగిలింది వాళ్లమ్మ. మీరు వెళ్లకపోవడానికి కారణం సిగ్గని నాకు అనిపిస్తోంది, బతికి వచ్చినందుకు సిగ్గు. ఆమె మాత్రం మూడేళ్లుగా ఎదురుచూస్తుండవచ్చు, తన కొడుకుతో తెలుగులో మాట్లాడిన ఆ ఒక్క మనిషి కోసం. యూనిట్ నుంచి వచ్చిన సారు ఇంగ్లీషులోనో హిందీలోనో నాలుగు మాటలు చెప్పి వెళ్లిపోయి ఉంటాడు. వాడు బ్యారక్‌లో ఏం తినేవాడో, దేనికి నవ్వేవాడో, రాత్రి ఏం కలవరించేవాడో చెప్పగలిగింది మీరొక్కరే. అనంతపురంలో ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే శ్రీకాకుళం రోడ్డులో దిగవచ్చు. వీలైతే మీ ఆవిణ్ణి కూడా తీసుకెళ్లండి, ఆడవాళ్లు ఇద్దరు లోపల కూర్చుంటే మీకు మాట పెగులుతుంది. ఉత్త చేతులతో పోవద్దు, మన వేరుశనగ ఉండలు పట్టుకెళ్లండి. వాళ్లకు రావలసిన పెన్షన్, మిగతా డబ్బులు అన్నీ వచ్చాయో లేదో కాగితాలు చూడండి. పేరు తప్పున్నా, తేదీ తప్పున్నా మీ కంటికి దొరుకుతుంది. ఆమె అడిగితే, ఆ రోజు బండిలో ఏముందో దాచకండి. కిరసనాయిలని చెప్పండి. అది ఎక్కడికి పోతోందో, అక్కడ దాంతో ఏం చేస్తారో కూడా చెప్పండి. మంచు కరిగించి నీళ్లు తాగుతారమ్మా అని చెప్పండి.